ఉమ్మడి ఫోల్డర్ తెరుచుకోకపోతే

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఫోల్డర్ తెరుచుకోనప్పుడు లోపం ఎక్కడుందో గుర్తించగలుగుతారు.
• సాంబా అనుమతులకూ లినక్స్ అనుమతులకూ గల తేడాను చెప్పగలుగుతారు.
• అందరికీ అన్ని హక్కులూ ఇవ్వకుండానే లోపాన్ని సరిచేయగలుగుతారు.

1. పరిచయం

ఇంట్లోని పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి దాన్ని ఫైల్ సర్వర్‌గా వాడుకోవచ్చు. పెళ్ళి ఫొటోలు, పొలం కాగితాల నకళ్ళు, పిల్లల మార్కుల జాబితాలు ఒకేచోట ఉంటాయి. మిగతా కంప్యూటర్ల నుంచి వాటిని చూడవచ్చు. విండోస్ కంప్యూటర్లు ఫైళ్ళు పంచుకొనే పద్ధతిని ఎస్‌ఎంబీ అంటారు. లినక్స్‌కు ఆ పద్ధతిని నేర్పే సాఫ్ట్‌వేర్ సాంబా. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిజెల్ దీని తొలి రూపాన్ని 1992లో విడుదల చేశారు.

ఫోల్డర్ తెరుచుకోనప్పుడు కొందరు కంగారుపడి అమరికలన్నీ మార్చేస్తారు. దానివల్ల ఒక లోపం రెండవుతుంది. ఫోల్డర్‌ను చేరడానికి మూడు గడపలు దాటాలి: దారి, గుర్తింపు, అనుమతి. తెరమీది సందేశాన్ని బట్టి ఏ గడప దగ్గర ఆగిపోయామో తెలుసుకోవచ్చు.

2. మొదటి గడప: దారి

సర్వర్ దొరకలేదని సందేశం వస్తే పాస్‌వర్డ్ జోలికి పోకండి. వరుసగా ఇవి చూడండి.
(అ) పింగ్ ఆదేశంతో సర్వర్ జవాబిస్తుందేమో చూడండి.
(ఆ) రౌటర్ సర్వర్‌కు కొత్త ఐపీ చిరునామా ఇచ్చిందేమో చూడండి. రౌటర్ అమరికల్లో సర్వర్‌కు ఒకే చిరునామా కేటాయిస్తే ఈ ఇబ్బంది మళ్ళీ రాదు.
(ఇ) సాంబా నడుస్తోందో లేదో, ఫైర్‌వాల్ 445వ పోర్టును అడ్డుకుంటోందేమో చూడండి.

3. రెండవ గడప: గుర్తింపు

పేరు, పాస్‌వర్డ్ పదేపదే అడుగుతుంటే దారి బాగానే ఉందని అర్థం. లినక్స్ పాస్‌వర్డ్ వేరు, సాంబా పాస్‌వర్డ్ వేరు. లినక్స్‌లో పేరున్నంత మాత్రాన సాంబా లోపలికి రానివ్వదు. సాంబాలో కూడా ఆ పేరును చేర్చి పాస్‌వర్డ్ పెట్టాలి. ఒక్కోసారి విండోస్ తాను దాచుకున్న పాత పాస్‌వర్డ్‌నే పంపుతుంటుంది. దాన్ని తొలగించి మళ్ళీ ప్రయత్నించండి.

4. మూడవ గడప: అనుమతి

ఫోల్డర్ కనిపిస్తున్నా తెరవలేకపోతే, లేదా తెరిచినా అందులో రాయలేకపోతే లోపం ఇక్కడుంది. ఈ గడపకు రెండు తాళాలున్నాయి. ఒకటి సాంబాది. అమరికల్లో ప్రత్యేకంగా చెప్పకపోతే ఫోల్డర్‌ను చదవడానికే సాంబా అనుమతిస్తుంది, రాయనివ్వదు. రెండవది లినక్స్‌ది. రెండు తాళాలూ తెరుచుకుంటేనే పని జరుగుతుంది.

లినక్స్ ప్రతి ఫైలుకూ యజమాని, సమూహం, ఇతరులు అనే ముగ్గురికి విడివిడిగా హక్కులిస్తుంది. చదవడానికి 4, రాయడానికి 2, ఫోల్డర్‌లో ప్రవేశించడానికి 1. ఈ అంకెలను కూడితే 7 వస్తుంది. 770 అంటే యజమానికీ సమూహానికీ అన్ని హక్కులూ ఉన్నాయి, ఇతరులకు ఏమీ లేవు. మన ఫోల్డర్‌కు పైనున్న ఫోల్డర్లన్నిటిలోనూ ప్రవేశించే హక్కు ఉండాలన్నది మరవకండి.

ఉదాహరణ: తల్లి దాచిన ఫైలును కూతురు చదవగలుగుతోంది కాని మార్చలేకపోతోంది. కారణం ఏమిటి? సాంబా కొత్త ఫైలుకు మామూలుగా 744కు మించి హక్కులివ్వదు. అంటే సమూహానికి 4 మాత్రమే దక్కుతుంది. ఇలా సరిచేయండి:
(అ) ఇద్దరినీ ఒకే సమూహంలో చేర్చండి.
(ఆ) ఫోల్డర్‌ను ఆ సమూహానికి చెందేలా చేసి 2770 హక్కులివ్వండి. ముందున్న 2 వల్ల కొత్త ఫైళ్ళు కూడా అదే సమూహానికి చెందుతాయి.
(ఇ) సాంబాలో క్రియేట్ మాస్క్‌ను 0660గా, డైరెక్టరీ మాస్క్‌ను 2770గా మార్చండి.
(ఈ) టెస్ట్‌పార్మ్ ఆదేశంతో అమరికల్లో తప్పులున్నాయేమో చూసి, సాంబాను తిరిగి ప్రారంభించండి.
పాత ఫైళ్ళ సమూహాన్నీ హక్కులనూ విడిగా మార్చాలి.

5. జాగ్రత్త

ఏ లోపానికైనా 777 ఇచ్చేయడం తేలికే. కాని తాళం పట్టలేదని తలుపే పీకేసినట్లవుతుంది. ఇంట్లో ఒక కంప్యూటర్‌కు వైరస్ సోకితే అది ఉమ్మడి ఫైళ్ళన్నిటినీ పాడుచేయగలదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ విండోస్‌లోని పాత ఎస్‌ఎంబీ లోపం ద్వారా అనేక దేశాల కంప్యూటర్లకు పాకింది. కనుక 445వ పోర్టును ఇంటర్నెట్‌కు ఎన్నడూ తెరవకండి. ముఖ్యమైన కాగితాల నకలు మరొకచోట దాచండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. పాస్‌వర్డ్ పదేపదే అడుగుతుంటే మీరు ఏ గడప దగ్గర ఉన్నట్లు?
2. 750 హక్కులున్న ఫోల్డర్‌లో సమూహ సభ్యులు కొత్త ఫైలు పెట్టగలరా?

జవాబులు

1. రెండవ గడప, గుర్తింపు.
2. పెట్టలేరు. 5 అంటే 4, 1 కలిపితే వచ్చేది. రాసే హక్కు అయిన 2 అందులో లేదు.