పేరు మనది, తాళం ఎవరి చేతిలో?

బొల్లాపల్లి: పొలం కొన్నవాడు దస్తావేజు తన పేరున రాయించుకుంటాడు. డబ్బు తానిచ్చి పక్కవాడి పేరున రాయించేవాడు అరుదు. ఇంటర్నెట్టులో పేరు తీసుకునేటప్పుడు మాత్రం ఈ జాగ్రత్త మరచిపోవడం తేలిక.

మిర్చి, పత్తి పండే ఈ మండలంలో ఒక రైతు సంఘం సరుకు నేరుగా అమ్ముకునేందుకు ఇంటర్నెట్టులో పేరు తీసుకుందనుకోండి. ఆ పేరును డొమైన్ అంటారు. నమోదు చేసే సంస్థ రిజిస్ట్రార్. ఇది శాశ్వతంగా కొనేది కాదు. గడువు తీరకముందే రుసుము చెల్లిస్తూ నిలుపుకోవాలి. పని ఒప్పుకున్న కంప్యూటర్ కుర్రవాడు దానిని తన పేరున నమోదు చేయించుకుంటే, రికార్డులో హక్కుదారు అతడే. రేపు తగాదా వస్తే సంఘం గుమ్మం బయట నిలబడాలి.

రిజిస్ట్రార్ నచ్చకపోతే మరొకరి దగ్గరకు పోవచ్చు. నంబరు మారకుండా సెల్ ఫోన్ కంపెనీ మార్చుకోవడం వంటిదే ఇది. అక్కడ 1900కు సందేశం పంపితే సంకేతం వస్తుంది. ఇక్కడ పాత రిజిస్ట్రార్ రహస్య సంకేతం ఇవ్వాలి. డాట్ కామ్ వంటి పేర్లకు ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ నియమాలు ఉన్నాయి. అడిగిన 5 రోజులలో సంకేతం అందాలి. కొత్తగా నమోదైన పేరును 60 రోజుల వరకు కదలనివ్వకపోవచ్చు. మోసమన్న అనుమానం, గడచిన కాలపు రుసుము బాకీ, కోర్టు ఉత్తర్వు వంటి కారణాలుంటే ఆపవచ్చు. ఖాతాదారు పోతున్నాడన్న కోపంతో ఆపరాదు.

నియమం తప్పి బదిలీ జరిగితే ఐకాన్ పద్ధతిలో 12 నెలలలోగా ఫిర్యాదు చేయాలి. అదీ రిజిస్ట్రార్ చేయవలసిందే; హక్కుదారు నేరుగా చేయడానికి వీలులేదు. డాట్ ఇన్ పేర్ల వ్యవహారం మన దేశపు నిక్సీ సంస్థది. ఆ పేర్లపై తగవులను మధ్యవర్తి తీరుస్తారు.

పేరు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన వారూ ఉన్నారు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ నెలకొల్పిన సత్యం ఇన్ఫోవే 1999లో 'సిఫీ' పేరుతో డొమైన్లు నమోదు చేసుకుంది. తరువాత మరో కంపెనీ 'సిఫ్ఫీ' అంటూ దగ్గరి పేరు పెట్టుకుంది. బెంగళూరు సివిల్ కోర్టు సత్యం వైపు, కర్ణాటక హైకోర్టు అవతలి వైపు మొగ్గాయి. చివరకు 2004 మే 6న సుప్రీంకోర్టు సత్యం పక్షాన తీర్పు చెప్పింది. డొమైన్ కూడా వ్యాపార చిహ్నం వంటిదేనని, దానికీ చట్టరక్షణ ఉందని తేల్చింది.

కోర్టు మెట్లెక్కడం అందరికీ అయ్యే పని కాదు. నమోదు సంఘం పేరున, ఈమెయిల్, ఫోన్ నంబరు సంఘానివే ఉండాలి. రసీదు దాచుకోవాలి. కార్యదర్శి మారినప్పుడు బీరువా తాళాలతో పాటు ఈ తాళాన్నీ అప్పగించాలి.