మీకు తెలుసా? అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆటల చరిత్ర

క్రీడాకారుల బొమ్మల కార్డుల మోజు పెరిగింది సిగరెట్ పెట్టెల్లోనని మీకు తెలుసా? మెత్తటి పెట్టెలో సిగరెట్లు నలగకుండా గట్టి అట్టముక్క పెట్టేవారు. దాని మీద బొమ్మ అచ్చేస్తే జనం అదే బ్రాండ్ మళ్లీ మళ్లీ కొంటారని కంపెనీలు కనిపెట్టాయి. ఇంగ్లండ్‌లో విల్స్ కంపెనీ 1896లోనే 50 కార్డుల క్రికెటర్ల సెట్టు వేసింది. అమెరికాలో 1909 ప్రాంతంలో సిగరెట్లతో వచ్చిన హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డయితే 2022లో 72.5 లక్షల డాలర్లు పలికింది. అప్పటి మారకంలో దాదాపు 57 కోట్ల రూపాయలు!

మన దగ్గర ఇలాంటి కార్డులు బబుల్‌గమ్‌తో వచ్చాయి. 80ల చివర్లో బడికెళ్లినవాళ్లకు బిగ్ ఫన్ బబుల్‌గమ్ గుర్తుండే ఉంటుంది. క్రికెటర్ బొమ్మ, దాని మీద ఇన్ని పరుగులు, ఇన్ని వికెట్లు అని ఉండేది. పిల్లలు వాటిని మార్చుకుని మార్చుకుని నలిపేశారు. నలగని కార్డు ఇవాళ దొరకడం కష్టం.

నన్నడిగితే మన అసలైన స్పోర్ట్స్ కార్డు తపాలా బిళ్ల. నాంపల్లి స్టేషన్‌లో దిగి స్టేషన్ రోడ్డు పట్టుకుంటే అబిడ్స్ జీపీవో నడక దూరమే. అక్కడి ఫిలాటెలిక్ బ్యూరోలో 200 రూపాయలతో డిపాజిట్ ఖాతా తెరవచ్చు. ఆ డబ్బులోంచి కొత్త బిళ్లలు మీకు అందుతుంటాయి. పాతవి కావాలంటే డీలర్ల దగ్గరికి, లేదా ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల సంతకు వెళ్లాల్సిందే.

పాతవాటిలో హైదరాబాదీలు తప్పక వెతకాల్సిన బిళ్ల ఒకటుంది. 1971లో మన క్రికెట్ జట్టు వెస్టిండీస్‌లో, ఇంగ్లండ్‌లో వరుసగా సిరీస్‌లు గెలిచింది. ఆ ఏడాది డిసెంబరు 17న, అంటే ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన మర్నాడే, ఆ గెలుపు గుర్తుగా 20 పైసల బిళ్ల వచ్చింది. వెస్టిండీస్ వెళ్లిన జట్టులో మనవాళ్లే ఐదుగురు: జయసింహ, ఆబిద్ అలీ, గోవిందరాజ్, కృష్ణమూర్తి, జయంతిలాల్. ఇంగ్లండ్ సిరీస్‌లో ఓవల్ టెస్టులో గెలుపు పరుగులు కొట్టింది ఆబిద్ అలీయే. ఇంత హైదరాబాద్ నిండిన బిళ్ల మన ఆల్బమ్‌లో లేకపోతే ఎలా?

దాని పక్కన ఉండాల్సింది 1996 మార్చి 13న వచ్చిన క్రికెటర్ల బిళ్లల సెట్టు. దేవధర్, మర్చంట్, మన్కడ్‌లతో పాటు మన సి.కె. నాయుడు కూడా అందులో ఉన్నారు. 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన తొలి టెస్టుకు కెప్టెన్ నాగపూర్‌లో పుట్టిన ఈ తెలుగువాడే.

ఆదివారం ఫుట్‌పాత్ బేరం సంగతి వేరు. అక్కడ పుస్తకాల గుట్టల్లో పాత స్పోర్ట్‌స్టార్‌లు కూడా కనిపిస్తుంటాయి. 1978లో మొదలైన ఈ పత్రికను పోస్టర్ల కోసమే కొన్నవాళ్లున్నారు. నడిమి పోస్టర్ విడిగా అమ్ముతుంటే తిప్పి చూడండి. మధ్య మడత, మడత మీద పిన్నుల చిల్లులు ఉంటే పత్రికలోంచి తీసిందన్న నమ్మకం కలుగుతుంది. తళతళలాడే కాగితం మీద చిల్లే లేకపోతే కొత్త ప్రింటేమోనని అనుమానించాలి. బిళ్లకైతే అంచు పళ్లు అన్నీ ఉన్నాయా, వెనక జిగురు చెదరలేదా అని చూస్తారు. పట్టకారుతోనే పట్టుకోవాలి, చేతి చెమట తగిలితే జిగురు పాడవుతుంది. అపురూపమైనదని లామినేషన్ చేయించారా, ఇక దాన్ని కొనేవాడు దొరకడు. అమ్మేటప్పుడు ఒక్కరు చెప్పిన రేటుకు ఒప్పుకోకుండా ఇద్దరు ముగ్గురిని అడగడం మంచిది.

పాత సరుకు ఫుట్‌పాత్ మీదే కాదు, ఇళ్లలోనూ ఉండొచ్చు. అబిడ్స్‌కు కూతవేటు దూరంలోని ఫతే మైదాన్‌లో 1955 నవంబరులో న్యూజిలాండ్‌తో టెస్టు జరిగింది. పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో ఒక భారతీయుడి తొలి డబుల్ సెంచరీ అది. ఆ ఆట చూసినవాళ్ల ఇళ్లలో టికెట్టు ముక్కో, పత్రిక కత్తిరింపో ఇంకా ఉండొచ్చు. తాతగారి ట్రంకుపెట్టెను పాత పేపర్లవాడికి తూకం వేసే ముందు ఒక్కసారి అడుగుదాకా వెతకండి. దొరికితే జిగురుతో అంటించకండి, మడత పెట్టకండి, ఆటల చరిత్ర రాసేవాళ్లకు ఒకసారి చూపించండి.