మెడలోని బిళ్ళ – సూది పరీక్ష



కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినచో గజ్జలలో బిళ్ళ కట్టును. పంటిపోటు వచ్చినచో దవడక్రింద బిళ్ళ కట్టును. పుండు మానినచో బిళ్ళయు నణగిపోవును. ఇది మీరెఱుగనిది కాదు. అందుచేతనే బిళ్ళ యన్నచో మనకు భయము లేదు. సాధారణముగా భయపడ నక్కరయు లేదు. కాని కొన్ని బిళ్ళలు కాన్సరు ప్రాకినందున కట్టునవి. వానిని తెలిసికొనుటకు చేయు సూది పరీక్షను గూర్చి నేడు మీకు చెప్పదలచితిని. సూక్ష్మదర్శనితో అట్టి పరీక్షలు చేయుటయే నా వృత్తి.

బిళ్ళ క్రొత్తగా పుట్టిన గడ్డ కాదు. మన దేహమున చిక్కుడుగింజలవంటి చిన్న గ్రంథులు కొన్ని వందలున్నవి. మెడలో, చంకలలో, గజ్జలలో అవి గుంపులుగా నుండును. కండల నడుమ ఊరు నీరు సన్నని నాళములవెంట వచ్చి, ఈ గ్రంథులలో వడకట్టబడి, మరల రక్తములో కలియును. కాలువ కడ్డముగా కట్టిన వలలో చెత్త చిక్కినట్లు, ఆ నీటితో వచ్చిన రోగక్రిములు గ్రంథిలో చిక్కును. వానితో పోరాడుచు గ్రంథి వాచును.

కాన్సరును ఈ త్రోవనే పట్టును. నోటిలో పుట్టిన కాన్సరునుండి విడివడిన కణములు మెడలోని గ్రంథిని చేరి అచ్చటనే పెరుగును. రొమ్మున పుట్టినది చంకలోని గ్రంథిని చేరును. పొగాకు విరివిగా వాడు మనకు మెడబిళ్ళ ముఖ్యమైనది. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతపు తీరగ్రామములలో నిప్పుకొనను నోటిలో నుంచుకొని చుట్ట కాల్చు అడ్డపొగ అలవాటు కలదు. దానివలన అంగిట కాన్సరు పుట్టుచున్నదని వైద్యులు 1957లోనే ప్రకటించిరి.

అయితే మెడలో బిళ్ళ కట్టిన ప్రతివానికిని కాన్సరే యని తలంపరాదు. గండమాల యని మనవారు చెప్పునది పెక్కుమారులు క్షయవలన కలుగునదే. అది మందులతో కుదురును. కాన్సరు బిళ్ళ తఱచుగా రాయివలె గట్టిగా, నొప్పి లేకుండ నుండును. కాని ఎంతటి వైద్యుడైనను వ్రేళ్లతో నొక్కి చూచి నిశ్చయముగా చెప్పజాలడు. ఇచ్చటనే సూది అవసరమగును.

ఈ సూది లావు మిల్లీమీటరులో ముప్పాతికకు మించదు. సాధారణముగా మత్తు అక్కరలేదు. వైద్యుడు బిళ్ళను రెండు వ్రేళ్ల నడుమ నిలిపి, సూదిని దింపి, పిచికారి కాడను వెనుకకు లాగి, సూదిని కొంచెము ముందు వెనుకలకు కదల్చును. సూదిలోనికి వచ్చిన బొట్టును గాజుపలకపై పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శనితో చూచెదము. గ్రంథిలో సహజముగా నుండు కణములు చిన్నవై గుండ్రముగా నుండును. కాన్సరు కణములు పెద్దవై, వికారమైన ఆకారముతో, గుంపులు గట్టి కనబడును. ఊరిలోనికి వచ్చిన పరాయివారిని గుర్తించుట ఎంత సులభమో, అనేక పర్యాయములు వానిని గుర్తించుటయు నంత సులభము. క్షయ యైనచో దాని గుర్తులును కనబడును.

ఈ పద్ధతి నిన్నటిది కాదు. 1904లో ఉగాండాలో గ్రెగ్, గ్రే అను బ్రిటిషు వైద్యులు నిద్రరోగుల మెడబిళ్ళలనుండి సూదితో రసము తీసి అందు రోగక్రిములను చూచిరి. 1930లో న్యూయార్కున మార్టిన్, ఎల్లిస్ అనువారు గడ్డలలో కాన్సరును గుర్తించుటకు సూదిని వాడి ఆ విధానమును ప్రకటించిరి. వారి సూది లావైనది. తరువాత స్వీడను వైద్యులు సన్నని సూదిని వాడుకలోనికి తెచ్చిరి.

“సూది పొడిచినచో కాన్సరు ప్రాకును” అను మాట మన గ్రామములలో గట్టిగా నాటుకొన్నది. నేనీ మాటను పలుమార్లు వింటిని. బిళ్ళలో కాన్సరు కనబడినదనగా, అది సూదికి ముందే అచ్చటికి వచ్చినదని యర్థము. ఇట్టి సన్నని సూది జాడవెంట అది ప్రాకుట మిక్కిలి అరుదు. రోగి ఆలస్యముగా వచ్చును, సూది వేయుదురు, పిమ్మట రోగము ముదురును. నింద సూదిపై పడును. వాతలు వేయించుచు, ఆకుపసరులు కట్టుచు గడపిన నెలలను ఎవరును లెక్కింపరు. నోటి కాన్సరు మెడగ్రంథులకు ప్రాకినచో బ్రదుకు అవకాశము ఇంచుమించు సగమునకు తగ్గును. అయినను ఆశ వదలుకొన నక్కరలేదు; నోటితోపాటు మెడకును చికిత్స చేయవలయునని సూదియే వైద్యునకు తెలుపును.

ఒక హెచ్చరిక. సూది తీయునది ఒక్క బొట్టు మాత్రమే. అందు కాన్సరు కనబడనంత మాత్రమున అది లేదని తీర్మానింపరాదు. బిళ్ళ అణగనిచో మరల పరీక్షింపవలయును. లేదా గ్రంథిని పూర్తిగా తీసి చూడవలయును. గ్రంథిలోనే పుట్టు కాన్సరు విషయమున తఱచుగా ఈ రెండవదే అవసరము. రక్తమును పలుచబరచు మందులు వాడువారు ఆ సంగతి ముందే వైద్యునకు చెప్పవలయును.

మూడు వారములు దాటియు అణగని బిళ్ళను, నొప్పిలేక పెరుగు బిళ్ళను, మానని నోటిపుండుతో కూడిన బిళ్ళను ఉపేక్షింపకుడు. మీ మాటను ఊరిలో నలుగురు విందురు. అట్టి బిళ్ళ కలవారు వాతలు వేయువాని యింటికి పోవుచున్నచో ఆపి, ఆసుపత్రికి పంపుడు.