పట్టా ఎవరి పేర ఉంది?



మల్బరీ తోటకు, పురుగుల షెడ్డుకు రాయితీ కోరేవారు భూమి కాగితాలు జతపరచాలి. పట్టా, చిట్టా వివరాలను తమిళనాడు ప్రభుత్వ ఇ-సేవల వెబ్‌సైటులో రుసుము లేకుండా చూడవచ్చు. గ్రామం, సర్వే నంబరు లేదా పట్టా నంబరు తెలిసి ఉండాలి. అయితే అందులో ఉన్నవి తమిళం, ఇంగ్లీషే, తెలుగు లేదు. చదవలేనివారు ఆధార్, సెల్‌ఫోను తీసుకొని ఇ-సేవై కేంద్రానికి వెళ్ళండి. ఓ.టి.పి. ఆ ఫోనుకే వస్తుంది. ఫోను చేసి అడిగేవారెవరికీ దాన్ని చెప్పకండి.

ముందుగా పట్టా ఎవరి పేర ఉందో చూసుకోండి. మనలో కొందరికి ఇంకా తాతగారి పేరే! అలా ఉంటే రాయితీ ఆగిపోవచ్చు. వారసుల సర్టిఫికెట్టుకు, పట్టా మార్పిడికి దరఖాస్తు కేంద్రంలోనే పెట్టవచ్చు. విచారణ ఉంటుంది, రోజులు పడతాయి. పురుగు నాలుగో జ్వరం లేచాక ఆకు వెతుక్కున్నట్టు చివరి రోజున పరుగెత్తకండి. రసీదు మీది దరఖాస్తు నంబరు దాచండి. పని ఎంతవరకు వచ్చిందో దానితోనే తెలుస్తుంది.