ముసలి పిల్లి గృహప్రవేశము

పల్నాటి సీమకు ఇల్లు మారుట క్రొత్త కాదు. 1955 డిసెంబరు 10న నందికొండ కడ శంకుస్థాపన జరిగిన సాగరు జలాశయమున నాగార్జునకొండ లోయ మునిగినపుడును, తరువాతి కాలమున పులిచింతల నీటిలో కృష్ణాతీరపు పల్లెలు కలిసిపోయినపుడును, జనులు గొడ్డుగోదలతో గట్టెక్కి వచ్చిరి. 2022 ఏప్రిల్‌లో జిల్లాకేంద్రమైన నరసరావుపేటకు నేడు మాచర్ల నుండియు గురజాల నుండియు ఉద్యోగమునకో, పిల్లల చదువునకో తరలి వచ్చువారు బీరువాను, మంచమును లెక్కపెట్టి లారీ కెక్కింతురు గాని, పదేండ్లు పెరటిని కాచిన పిల్లి విషయము కడపటి ఘడియ వరకు తలపునకు రాదు. పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునను నానుడి విని, దానికి ఇల్లు మారుట లెక్కలేదని భ్రమింతురు. తల్లిపిల్లి తానెంచుకొన్న చోటికి తానై పోవును. ముసలితనమున దాని చోటును మన మెంచుచున్నాము.

మన మెరిగిన ఆతిథ్యమునకు ఒక పద్ధతి కలదు: ఇల్లంతయు చూపుట, ఇరుగుపొరుగును పిలుచుట, వలదన్నను కొసరి వడ్డించుట. పదియేండ్లు దాటిన పిల్లికి ఈ మూడును బాధలే. చెంపలను గుమ్మమునకును మంచపుకోళ్ళకును రుద్దుచు, ఏండ్ల తరబడి తన వాసన నద్ది ఆ ప్రాణి తనదిగా చేసికొన్న చోటు ఒక్క దినమున మాయమైనపుడు, విశాలమైన మేడకంటె చిన్న గదియే దానికి ఊరట. ఆ గదిలో ఉతుకని పాత దుప్పటియు, ప్రక్కకు వాల్చిన అట్టపెట్టెయు ఉంచవలెను. దాగుటకు పెట్టె దొరికిన పిల్లులకు బెదురు త్వరగా తీరునని నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమువారు 2014లో కనుగొనిరి. తిండి ఒక మూలను, ఇసుకతొట్టి వేరొక మూలను అమర్చవలెను. కీళ్ళు పట్టిన ప్రాణి దాటగలుగునట్లు తొట్టి అంచు తక్కువగా ఉండవలెను. నునుపైన నాపరాతి నేలపై కాలు జారకుండ గోనెపట్టా పరచవలెను. ముసలి పిల్లులకు మూత్రపిండముల వ్యాధి సామాన్యము గనుక, ఎండలకు పేరుపడిన రెంటచింతల గల ఈ సీమలో నీళ్ళగిన్నెలు రెండు మూడైనను ఉండుట మేలు.

తిండిని మొదట మార్చరాదు. పెరుగన్నముతో పెరిగినదైనచో కొన్నాళ్ళు అదియే పెట్టి, పిమ్మట వారము పది దినములలో చేపయో మాంసమో కొంచెము కొంచెముగా కలుపవలెను. ఏలయన టారిన్ అను పదార్థమును పిల్లి దేహము చాలినంత చేసికొనజాలదు, అది లోపించినచో చూపును గుండెయు చెడును. గుండెజబ్బుకు ఈ లోపమే కారణమగుట అమెరికాలో 1987లో తేలినది. ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరగవు. ఒక దినమంతయు ఏమియు ముట్టనిచో పశువైద్యుని చూపవలెను, పస్తు సాగిన కొలది కాలేయమునకు క్రొవ్వు పట్టును. నలతగా నున్నదని మనము వేసికొను పారాసిటమాల్ ఇచ్చుట ప్రాణము తీయుటయే.

ఇంటివారు చేయవలసినది మిక్కిలి స్వల్పము. గదిలో కూర్చుండి పత్రిక చదువుకొనవలెను, పిలువరాదు, ఎత్తుకొనరాదు. చూపు కలిసినపుడు కన్నులు మెల్లగా మూసి తెరచినచో పిల్లులు దగ్గరకు వచ్చుట యెక్కువని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయమువారు 2020లో ప్రకటించిరి. అది కడుపునిండ తిని, తొట్టిని వాడుచు, తలుపు కడకు తానే వచ్చి అరచినపుడు రెండవ గది చూపవచ్చును. మూడు నాలుగు వారములైనను వీధి త్రొక్కనీయరాదు: పాత యింటి దారి పట్టవచ్చును, లేదా మందు తిన్న ఎలుకను పట్టి తినవచ్చును.

ఇంత ఓర్పు లేనివారికి వేరొక ధర్మము కలదు. పాత యింట దిగువారు, లేదా పొరుగువారు, దానిని సాకుటకు మనసార ఒప్పుకొన్నచో, ఎరిగిన పెరటిలోనే దానిని వారికి అప్పగించి, తిండిఖర్చు తాము పంపుచుండుట; అదియును ప్రేమయే.