గ్రుడ్ల కొఱకు ఏ జాతి పెట్టను పెంచవలయును?

జి. కొండూరు ప్రాంతపు మామిడితోటలలో మేము తఱచుగా వినుచున్న ప్రశ్న యొకటి కలదు. ఎక్కువ గ్రుడ్లు పెట్టునదియు, మచ్చికయైనదియు నగు కోడి యేది? శీతల దేశముల పుస్తకములు చూచినవారు వయాండట్, బ్రహ్మ మున్నగు జాతులను పేర్కొనుచుందురు. (బ్రహ్మ యను పేరు విని అది మన దేశపు పక్షియని భ్రమపడరాదు, 19వ శతాబ్దమున చీనానుండి తెచ్చిన కోళ్ళతో అమెరికావారు రూపొందించినది.) మంచు కురియు తావున అవి మంచివే. వానికి దట్టమైన యీకలును, తలపై చిన్న జుట్టును గలవు; పెద్దజుట్టున్నచో అచ్చటి చలికి చచ్చుబడును. రోహిణికార్తెలో మన యూర ఆ దట్టపు టీకలే దానికి శత్రువులు. కోడికి చెమట పట్టదు. నోరు తెఱచి రొప్పుచు, జుట్టునుండియు రెక్కల క్రిందనుండియు వేడిని విడుచుచుండును. ఇటలీదేశపు లెగ్‌హార్న్ పెట్టకు గల పెద్దజుట్టు మంచుసీమలో దోషము, మనకు గుణము.

మన అసిల్ కోడి ఎండకు జంకదు. పెంచినవానికి లోబడును గాని తోటి కోడిని సహింపదు. సంక్రాంతి పందెములలో దానికెంత ఖ్యాతి యున్నను గ్రుడ్లకు తగదు. సామాన్యపు నాటుపెట్టయు ఏటికి సుమారు 50, 60 గ్రుడ్లు మాత్రమే పెట్టును.

హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ళ పరిశోధనా సంస్థవారు పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ యను రకములను రూపొందించిరి. వనరాజ పెరటిలో ఏటికి సుమారు 100 మొదలు 110 గ్రుడ్లు పెట్టును, మాంసమునకును బాగుండును. గ్రామప్రియ 160 మొదలు 180 వఱకు పెట్టును. గ్రుడ్ల కొఱకే యైనచో మేము గ్రామప్రియనే యెన్నుకొందుము.

అయితే ఇందొక చిక్కు కలదు. గ్రామప్రియ సంకరజాతి. దాని గ్రుడ్లను పొదిగించిన, పుట్టిన పిల్లలు తల్లివలె పెట్టవు. పైగా ఆ పెట్ట పొదుగుటకు కూర్చుండుటయే యరుదు. ఇంటి గ్రుడ్లతోనే మందను పెంచుకొందునని తలచిన గృహిణికి మఱుసటి తరమున గ్రుడ్లసొమ్ము తగ్గును. ఆ సొమ్ముతో గడచు ఉప్పుపప్పులకు, పిల్లల పలకాబలపములకు ఇబ్బంది కలుగును. కావున పిల్లలను మరల కొనవలసినదే. ఇరువదేసి పిల్లలు కావలసిన పదిమంది సభ్యులు కలిసి ఒక్కమాఱే తెప్పించుకొన్నచో దారిఖర్చు తేలికపడును. వేసవిలో మాత్రము తెప్పింపరాదు.

మన ధనుర్మాసపు చలి పెద్దకోళ్ళ నేమియు చేయదు. పిల్లలకు మాత్రము మొదటి మూడు నాలుగు వారములు వెచ్చదనము కావలయును. జాతి యెంత మంచిదైనను కొక్కెర తెగులు వచ్చిన మంద మిగులదు; మొదటి వారమున లాసోటా చుక్కమందును, ఎనిమిదవ వారమున టీకాసూదియు తప్పరాదు.

ఎండకాలమున మామిడినీడను మించిన శాల లేదు. కొత్తకుండలలో నీరు పోసి, మేతను తెల్లవాఱుజామునను చల్లపూటను వేయవలయును. వేడికి పెంకు పలుచనగును గనుక గుల్ల పొడియు పెట్టుడు. పూత సమయమున తేనెమంచు పురుగుకు మందు కొట్టినప్పుడు మాత్రము కోళ్ళను ఆ తోటలోనికి విడువక, మందు ప్రభావము తీఱువఱకు కట్టడిచేసి యుంచుడు.