విడిపోయిన లారీ, పాత తాళంచెవి

బోధన్ షక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక ఇక్కడి చెరకు వేరే మిల్లులకు పోతోంది. అలా మూడు లారీలు వరసగా నిజామాబాద్ వైపు వస్తున్నాయనీ, వాటికి రేడియో పరికరాలు బిగించారనీ అనుకుందాం. ఇది మరీ గాలిలో మేడ కాదు. సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్‌లో 2022 జూలైలో మొదలైన టిహాన్ కేంద్రంలో డ్రైవర్ లేని బండ్లతోపాటు బండ్ల మధ్య సమాచారాన్నీ పరీక్షించే ఏర్పాట్లున్నాయి.

ముందు బండి బ్రేకు వేసిందన్న కబురు దాచాల్సింది కాదు. పక్కనున్న ఆటోకీ తెలియాలి. అందుకే దాన్ని డిజిటల్ సంతకంతో బహిరంగంగానే, సెకనుకు పదిసార్ల దాకా పంపుతారు. సరుకెంత, ఏ మిల్లుకు, ఏ దారిన అన్నవి మాత్రం ఆ మూడింటి మధ్యే ఉండాలి. అందుకు మూడింటికీ ఒకే తాళంచెవి, అంటే ఆ మాటల్ని గుప్తంగా మార్చి మళ్లీ విప్పే ఒక సంఖ్య, కావాలి.

ఇవ్వడం సులువే, చిక్కంతా వెనక్కి తీసుకోవడంలో ఉంది. కంఠేశ్వర్ బైపాస్ దగ్గర ఒక లారీ ఆర్మూర్ దారి పడితే, దానిలోని పాత చెవిని ఎవరు చెరుపుతారు? మిగతావాళ్లే చెవి మార్చుకోవాలి. కొత్త బండి చేరినా మార్చాలి, లేకపోతే ముందే రికార్డు చేసుకున్న పాత మాటల్ని అది విప్పేస్తుంది. తీరికా ఉండదు. 60 కి.మీ. వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లకు, రేడియో 300 మీటర్లు అందితే, దొరికేది 18 సెకన్లే.

ఇందుకు వాడే ఉపాయాల్లో నాకు ముచ్చటేసేది శేషాల లెక్క. చైనా పేరుతో ప్రసిద్ధమైనా, ఆర్యభటుడి కుట్టకం కూడా ఈ కోవదే. లారీల రహస్య సంఖ్యలు 7, 11, 13, గుంపు చెవి 5 అనుకోండి. తాళంచెవులు పంచే కేంద్రం అందరూ వినేలా 1006 అంటుంది. ఎవరి సంఖ్యతో వాళ్లు భాగిస్తే శేషం 5. ఇప్పుడు 11 విడిపోయింది. కేంద్రం ఈసారి 94 అంటుంది. 7కీ 13కీ శేషం 3 వస్తుంది, అదే కొత్త చెవి. 11కి వచ్చేది 6, దాంతో ఏ తాళమూ రాదు.

అసలు వాడకంలో ఒక్కో రహస్యం 256 బిట్లుంటే, మూడు లారీలకు ఆ ప్రకటన వంద బైట్లలోపే. వెయ్యి బండ్లకు 32,000 బైట్లు! అంత గుంపుకైతే 1998లో వాంగ్, గౌడా, లామ్ అనే పరిశోధకులు వివరించిన, తాళంచెవుల్ని చెట్టుకొమ్మల్లా అమర్చే పద్ధతే నయం. 1024 బండ్లలో ఒకటి వెళ్లిపోతే ఇరవై దాకా రహస్య సందేశాలతో సరిపోతుంది.

శేషాల లెక్కలో ఇంకో లొసుగుంది, అది లోపలివాళ్ల వల్ల. 7 లారీ కూర్చుని 1006లోంచి 5, 94లోంచి 3 తీసేస్తే 1001, 91 మిగులుతాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 11. వెళ్లిపోయిన లారీ రహస్యం చేతికి చిక్కింది! రేపు 11 తిరిగొచ్చి, 7ను గుంపులోంచి తీసేసినా, అది దొంగిలించిన 11తో భాగిస్తూ అన్నీ వింటుంది. సంఖ్యలు పెద్దవైనా భాగహారం కంప్యూటరుకు చిటికెలో పని. అందుకని తిరిగి చేరే లారీకే కాదు, గుంపు మారినప్పుడల్లా అందులో ఉన్న అన్ని లారీలకూ కేంద్రం కొత్త రహస్య సంఖ్యలు ఇవ్వాలి.